కాక్లియర్ ఇంప్లాంట్‌కు ముందు పెద్దవాళ్ల టీకాలు: ఏది ముందు, ఎంత ఎడం

మీరు రాసిన దాన్ని బట్టి, కందుకూరు దగ్గర ఉంటున్న మీ నాన్నగారికి 54 ఏళ్లు. కొన్నేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చి ఇప్పుడు చెవి మిషన్ పెట్టినా మాట తెలియని స్థితికి చేరారు, వచ్చే నెలలో చెన్నైలో కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల అమర్చి వినికిడి తెప్పించే పరికరం) ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. అక్కడి డాక్టరు న్యూమోనియా టీకా వేయించుకుని రమ్మన్నారు, ఒంగోలులో చూపించిన డాక్టరు ముందు 13 రకాల టీకా, తరువాత 23 రకాల టీకా అన్నారు, మెడికల్ షాపులో మాత్రం 23 ఒక్కటే ఉంది. ఉన్నది వేయించేస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. సరిపోదు. దొరికింది కదా అని దయచేసి 23ను ముందు వేయించకండి. నేను డాక్టరును కాను. నెల్లూరులో ఉంటాను, పెద్దయ్యాక వినికిడి పోయి కుడి చెవికి ఇంప్లాంట్ పెట్టించుకున్నదాన్ని. మా డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, నేను స్వయంగా చూసినదీ రాస్తున్నాను. చివరి మాట మీ నాన్నగారి సర్జన్‌దే.

న్యూమోనియా టీకా అని పిలవడం వల్ల ఊపిరితిత్తులకు, చెవి ఆపరేషన్‌కు ఏమిటి సంబంధం అని చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి మనం భయపడవలసింది మెనింజైటిస్‌కు, అంటే మెదడును కప్పి ఉండే పొరలకు వచ్చే వాపుకు. దానికి ముఖ్య కారణమైన న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా చాలామంది ముక్కులో, గొంతులో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. జలుబు చేసినప్పుడు అక్కడి నుంచి మధ్య చెవికి చేరగలదు. ఇంప్లాంట్ ఎలక్ట్రోడు, అంటే దాని సన్నని వైరు, మధ్య చెవిని దాటుకుని కాక్లియా (లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే భాగం) లోపలికి వెళుతుంది, కాక్లియాలోని ద్రవానికి మెదడు చుట్టూ ఉండే ద్రవంతో దారి ఉంది. గోడకు కన్నం వేసి వైరు లాగితే చుట్టూ ఎంత పూడ్చినా ఆ చోటు మిగతా గోడలాగా ఉండదు కదా, ఇదీ అంతే. సర్జన్లు ఆ సందును మన కండరం ముక్కతోనే జాగ్రత్తగా మూస్తారు, అయినా టీకా అవసరం తీరదు.

ఇది ఊహ కాదు. ఇంప్లాంట్ ఉన్నవాళ్లలో మెనింజైటిస్ కేసులు కనిపిస్తున్నాయని 2002లో అమెరికాలో ఆరోగ్య సంస్థలు హెచ్చరించాయి. 1997 నుంచి 2002 మధ్య అక్కడ ఆరేళ్ల లోపు వయసులో ఇంప్లాంట్ పొందిన 4,264 మంది పిల్లలను పరిశీలిస్తే 26 మందికి మెనింజైటిస్ వచ్చినట్టు తేలింది. న్యూమోకాకస్ వల్ల వచ్చే మెనింజైటిస్ మామూలు పిల్లల కంటే వారిలో 30 రెట్లకు పైగా ఎక్కువగా కనిపించింది. ఎలక్ట్రోడును కాక్లియాలో ఒక పక్కకు నొక్కి ఉంచేందుకు అదనంగా పెట్టే పొజిషనర్ అనే భాగం ఉన్న రకంలో ప్రమాదం మరీ ఎక్కువగా ఉండటంతో దాన్ని 2002లోనే మార్కెట్ నుంచి తీసేశారు. ఇప్పటి ఇంప్లాంట్లలో అది లేదు కాబట్టి ఆ లెక్క విని మీ నాన్నగారు ఆపరేషన్ మానుకోవలసిన పని లేదు. కాని టీకా మాత్రం పిల్లలతో పాటు పెద్దలకూ తప్పనిసరి జాగ్రత్తగా ఉండిపోయింది.

ఇక 13, 23 సంగతి. న్యూమోకాకస్‌లో వందకు పైగా రకాలున్నాయి, ఈ అంకెలు ఆ టీకా ఎన్ని రకాల నుంచి కాపాడుతుందో చెబుతాయి. 23 పెద్ద అంకె కాబట్టి అదే మెరుగైనదనుకోవడం సహజమే, కాని రెండూ పనిచేసే తీరు వేరు. ప్రివెనార్ 13 లాంటి వాటిలో బ్యాక్టీరియా పైపొరలోని చక్కెర పదార్థాన్ని ఒక ప్రోటీన్‌తో జతచేస్తారు, అందువల్ల శరీరం దాన్ని గుర్తుంచుకుంటుంది. న్యూమోవాక్స్ 23లో ఆ జత ఉండదు. ఎక్కువ రకాలకు రక్షణ ఇస్తుంది గాని ఆ జ్ఞాపకం ఏర్పడదు. 23ను ముందు వేస్తే తరువాత వేసే 13కు శరీరం అంత బాగా స్పందించదు. అందుకే 23 ముందు పడితే 13 లేదా అలాంటిదే అయిన 20 రకాల టీకా వేయడానికి ఏడాది ఆగమంటారు. 13 ముందు పడితే, ఇంప్లాంట్ వాళ్లకు 8 వారాల తరువాత 23 వేయవచ్చు. ఆరోగ్యంగా ఉన్న మామూలు పెద్దలకు చెప్పే ఏడాది ఎడం ఇంప్లాంట్ వాళ్లకు అక్కరలేదు. కొందరు డాక్టర్లకు ఆ ఏడాది లెక్కే అలవాటు కాబట్టి, ఇంప్లాంట్ కోసం అని తప్పకుండా చెప్పండి.

20 రకాల టీకా దొరికే చోట పని ఇంకా తేలిక. అది ఒక్క డోసు వేస్తే 23 అవసరం ఉండదు, వరుస గురించి తర్జనభర్జన కూడా ఉండదు. నన్నడిగితే ముందుగా దాని కోసమే వాకబు చేయండి, లేకపోతే 13తో మొదలుపెట్టండి. 13, 23 దారిలో వెళితే 65 దాటాక, మొదటి 23కు కనీసం 5 ఏళ్లు నిండి ఉంటే మరొక డోసు ఉంటుంది. అప్పుడు అది 23 కావాలా, 20 కావాలా అన్నది అప్పటి డాక్టరు చెబుతారు.

టీకా పనిచేయడానికి శరీరానికి సమయం పడుతుంది కాబట్టి ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే వేయించాలి. వీలుంటే రెండు టీకాలూ ముందే పూర్తికావడం మంచిది, కాని మీ తేదీ వచ్చే నెలలో ఉంది కాబట్టి 13, 23 రెండూ ఆలోపు పట్టవు. అప్పుడు 13 ఈ వారంలోనే వేయించి, దాని నుంచి 8 వారాలు లెక్కపెట్టి 23ను ఆపరేషన్ తరువాత వేయించవచ్చునా, లేక తేదీ జరుపుదామంటారా అని సర్జన్‌ను ఫోనులో అడగండి. పనైపోతుందని రెండూ ఒకే రోజు వేయించవద్దు. నా విషయంలో ఒక క్లినిక్‌లో, చెన్నై ప్రయాణం దగ్గర పడుతోంది కాబట్టి చెరో చేతికి ఒకటి వేసేస్తామన్నారు. మా అక్కయ్య ఒప్పుకోకుండా సర్జన్‌తో మాట్లాడించింది కాబట్టి ఆగింది. ఫ్లూ టీకాను మాత్రం వీటిలో దేనితోనైనా అదే రోజు, వేరే చేతికి వేయించుకోవచ్చు. అది ఏటా వేయించుకోవాలి. ఫ్లూ వెనకే చెవిలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి ఇంప్లాంట్ వాళ్లకు అది చిన్న విషయం కాదు. మెనింజైటిస్ తెచ్చే వేరే బ్యాక్టీరియాలకు వేసే హిబ్, మెనింగోకోకల్ టీకాలు కేవలం ఇంప్లాంట్ ఉందన్న కారణంగా పెద్దవాళ్లకు మామూలుగా చెప్పరు.

పెద్దవాళ్లకు ఈ టీకాలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో వేయరు. అక్కడున్నది 6 వారాలు, 14 వారాలు, 9 నెలల వయసులో శిశువులకు ఉచితంగా వేసేది. కాబట్టి సొంత ఖర్చుతో కొనక తప్పదు. షాపులో లేదంటే వదిలేయకండి, డాక్టరు చీటీ చూపించి తెప్పించమనండి. నెల్లూరు పొగతోటలో ఆసుపత్రులు, మందుల షాపులు ఒకేచోట ఉన్నాయి కాబట్టి అక్కడా అడిగి చూడవచ్చు. ఇవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టితే పనికిరావు. అందుకే కొని ఇంటికి తెచ్చుకుని రేపు వేయిద్దామనుకోవడం కంటే, వేసే చోటే ఫ్రిజ్‌లోంచి తీయించడం మంచిది. మన ఎండల్లో కందుకూరు నుంచి ఒంగోలుకు బస్సులో చేతి సంచిలో పెట్టుకుని తీసుకువెళ్లే వస్తువు కాదది.

వేసే ముందు పెట్టె మీద పేరు చదవండి. ప్రివెనార్ 13 సిరంజిలో అడుగున తెల్లటి మడ్డిలా పేరుకుని ఉంటుంది, గట్టిగా కుదిపితే అంతా ఒకే తెలుపుగా అవుతుంది, అప్పుడే వేయాలి. న్యూమోవాక్స్ 23 నీళ్లలా తేటగా ఉంటుంది. నర్సు మాస్కు పెట్టుకుని ఏదో చెప్పింది, పెదవులు కనిపించక నాకేమీ తెలియలేదు, ఆ తెలుపును చూసి ఏది వేస్తున్నారో గుర్తుపట్టాను.

ఈ విషయంలోనే మీకు గట్టిగా చెప్పాలనిపిస్తోంది. వినపడని మనిషి తరఫున ఇంట్లో వాళ్లే అన్నీ విని, అన్నీ తలూపి వస్తారు. ఆ మనిషికి తన ఒంట్లో ఏ టీకా ఉందో, తరువాతది ఎప్పుడో తెలియదు. ఆపరేషన్ ఒక ఊళ్లో, టీకా మరో ఊళ్లో, చెకప్ ఇంకోచోట అయినప్పుడు ఏ ఆసుపత్రి ఫైలులోనూ మొత్తం ఉండదు. టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, తరువాతి టీకా పేరు, దాని తేదీ ఒక కాగితం మీద రాయించి, డాక్టరు సంతకంతో మీ నాన్నగారి చేతికే ఇవ్వండి. పెట్టె మీది లేబుల్ చింపి అదే కాగితానికి అంటించండి. ఇంప్లాంట్ కార్డుతో పాటు అది ఆయన జేబులో ఉండాలి.

టీకాలు అన్ని రకాలనూ ఆపలేవు. ఆపరేషన్ అయ్యాక ఎన్నేళ్లకైనా సరే, చెవి నొప్పి, చెవి కారడం వస్తే సొంతంగా చుక్కల మందు వేసుకుని చూద్దామనుకోకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లాలి. జ్వరంతో పాటు తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మగతగా ఉండటం కనిపిస్తే రాత్రయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వెళ్లగానే ఇంప్లాంట్ ఉందని, లోపల అయస్కాంతం ఉంది కాబట్టి ఎమ్మారై తీసే ముందు సర్జన్‌తో మాట్లాడాలని చెప్పండి.

మీ ప్రశ్న కింద మరొకరు, మెనింజైటిస్ వచ్చి తమ తమ్ముడికి వినికిడి పోయిందని, ఒకసారి వచ్చి తగ్గింది కాబట్టి టీకా ఎందుకని అడిగారు. ఒకసారి వచ్చినంత మాత్రాన మిగతా రకాల నుంచి రక్షణ రాదు కాబట్టి ఆయనకూ టీకా కావాలి. అయితే మెనింజైటిస్ తరువాత కాక్లియా లోపల ఎముక పెరిగి ఎలక్ట్రోడు వెళ్లే దారి మూసుకుపోవచ్చు, అందుకే అలాంటి వాళ్లకు ఆపరేషన్ త్వరగా చేయాలంటారు. టీకా కోసం రెండు వారాలు ఆగాలా, టీకాను వెనక్కు పెట్టి ఆపరేషన్ చేయాలా అన్నది స్కాను చూసి సర్జన్ తేల్చవలసినది, కాబట్టి ఆయన టీకా తేదీ కోసం ఎదురుచూడకుండా ముందు స్కాను తీయించుకుని సర్జన్‌ను కలవాలి. మీ నాన్నగారికి ఆ తొందర లేదు. మీరు చేయవలసింది 20 దొరుకుతుందేమో కనుక్కోవడం, దొరకకపోతే 13 తెప్పించడం, వేయించిన తేదీని చెన్నైకి తెలియజేయడం.