పాత యంత్రాల ప్రోగ్రాములు తీసే పని: చేయనివ్వాలా, మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ విభాగంలో చేరింది. తను పుట్టకముందు నాటి పీఎల్‌సీల్లోంచి (యంత్రాలను నడిపించే చిన్న పారిశ్రామిక కంప్యూటర్లు, వీటినే కంట్రోలర్లు అనీ అంటారు) ప్రోగ్రాములను ల్యాప్‌టాప్‌లోకి తీసి భద్రపరిచే పని అప్పగించారు. తోటివాళ్లంతా కొత్త సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంటుంటే తను మూలపడిన యంత్రాల దగ్గరే ఆగిపోతుందేమోనని బెంగగా ఉంది. మాన్పించి వేరే కోర్సులో చేర్పించమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మాన్పించకండి. కనీసం ఒక ఏడాది ఆ పనిలో ఉండనివ్వండి. మీ బెంగ అర్థం లేనిది కాదు. అది ఎప్పుడు నిజమవుతుందో కూడా చెబుతాను.

సలహాలు చెప్పే ఈ వృత్తిలోకి రాకముందు నేనూ మెయింటెనెన్స్‌లోనే పనిచేశాను. ఒకసారి సెలవులకు ఫ్యాక్టరీ మూసి ప్యానెల్‌కు కరెంటు తీసేశారు. ఆ పీఎల్‌సీలో ప్రోగ్రాం ర్యామ్‌లో ఉండేది. కరెంటు లేనప్పుడు దాన్ని కాపాడేది ఒక చిన్న లిథియం బ్యాటరీ. అది ఎప్పుడో అయిపోయిందని ఎవరూ చూసుకోలేదు. తిరిగి కరెంటు ఇచ్చేసరికి మెమరీ ఖాళీ. ప్రోగ్రాం కాపీ దాచిన బీరువాలోని ఫ్లాపీని ఏ కంప్యూటరూ చదవలేకపోయింది. చివరికి పసుపుబారిన ప్రింటు కాగితాలు ముందేసుకుని ముగ్గురం నాలుగు రోజులు ఒక్కో లైనూ టైపు చేశాం. మోటార్లు బాగున్నాయి, వాల్వులు బాగున్నాయి, ఏ క్షణంలో ఏది కదలాలో చెప్పేదే పోయింది. అలాంటి నాలుగు రోజులు మరొకరికి రాకుండా చూడటమే ఇప్పుడు మీ అమ్మాయి చేతిలో ఉన్న పని.

అది సులువైన పనీ కాదు. సీమెన్స్ కంపెనీ ఎస్5 పీఎల్‌సీల సంగతే తీసుకోండి. 1979లో వచ్చిన ఆ కంట్రోలర్ల ప్రోగ్రామింగ్ పోర్టు 20 మిల్లీ ఆంపియర్ల కరెంట్ లూప్ మీద నడుస్తుంది. సున్నా ఏదో ఒకటి ఏదో తెలిసేది తీగలో కరెంటు పారుతోందా లేదా అన్నదాన్ని బట్టి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు మామూలు సీరియల్ పోర్టే ఉండదు కనుక మధ్యలో సరైన కన్వర్టర్ కావాలి. కొన్ని యూఎస్‌బీ కన్వర్టర్లు డేటాను కాస్త పోగుచేసి పంపుతాయి. ఆ ఆలస్యానికి ఓర్చుకోలేక పాత సాఫ్ట్‌వేర్ సంబంధం తెంపేసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ విండోస్‌కు ముందటి డాస్ కాలానిదైతే, పాత కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లోనో వర్చువల్ మెషిన్‌లోనో ప్రయత్నించాలి, అదీ కుదరకపోతే పాత కంప్యూటరే వెతకాలి. అలెన్ బ్రాడ్లీ కంపెనీ పీఎల్‌సీ-5 దగ్గరకు వెళితే డీహెచ్ ప్లస్ అనే వేరే నెట్‌వర్కు, దానికి వేరే కార్డు. లోపం కేబుల్‌లోనా, వేగంలోనా, డ్రైవర్‌లోనా అని ఒక్కొక్కటీ పరీక్షించి పక్కన పెట్టే ఓర్పు తరగతి గదిలో అబ్బదు.

అసలు చదువు ప్రోగ్రాం బయటికి వచ్చాక మొదలవుతుంది. ఎస్5 నుంచి తీసిన ప్రోగ్రాంలో కామెంట్లు (రాసినవారి వివరణలు), సంకేతాల పేర్లు ఉండవు. అవి రాసినవారి కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి. తెరమీద ‘ఐ 32.4’ అని ఒక ఇన్‌పుట్ నంబరు మాత్రమే కనిపిస్తుంది. అది తలుపు స్విచ్చో, ప్రెషర్ సెన్సారో తెలియాలంటే వైరింగ్ డ్రాయింగ్ పట్టుకుని యంత్రం దగ్గరకు నడవాలి, దాన్ని ఏళ్లుగా నడుపుతున్న ఆపరేటర్‌ను అడగాలి. జర్మన్ పద్ధతిలో రాసినదైతే ‘ఏ’ అక్షరం అవుట్‌పుట్‌కు గుర్తు. ఇంగ్లిష్ పద్ధతిలో అదే అక్షరం ‘అండ్’ అనే ఆదేశం. ఇలాంటి చిక్కుముళ్లు విప్పుకుంటూ ఒక్క యంత్రానికి మొదటినుంచి చివరిదాకా పేర్లు పెట్టగలిగితే, ఆ తర్వాత ఏ కంపెనీ పీఎల్‌సీ ముందు కూర్చోబెట్టినా మీ అమ్మాయి తడబడదు.

పాతవి తీసేసి కొత్త కంట్రోలర్లు పెట్టే ప్రాజెక్టుల్లో కావలసింది సరిగ్గా ఈ నేర్పే. కొత్త సాఫ్ట్‌వేర్ తెలిసినవారు చాలామంది ఉంటారు. పాత ప్రోగ్రాం చదివి, అందులోని ఇంటర్‌లాక్ (ఫలానా షరతు తీరేదాకా యంత్రాన్ని కదలనివ్వని అడ్డు) ఎందుకు పెట్టారో చెప్పగలిగేవారు తక్కువ. పారిశ్రామిక సైబర్ భద్రత మరో దారి. ఈ రంగానికి చెందిన ఐఈసీ 62443 అనే అంతర్జాతీయ ప్రమాణాల్లో కంట్రోల్ వ్యవస్థల బ్యాకప్ కూడా ఒక అవసరంగా ఉంది.

ఇక మీ బెంగ నిజమయ్యేది ఎప్పుడంటే, తను ఫైలు కాపీ చేసి, పేరు పెట్టి, తర్వాతి ప్యానెల్‌కు వెళ్లిపోతున్నప్పుడు. ఏడాది తర్వాతా పని అంతే అయితే అప్పుడు మారడమే మంచిది. ఈలోగా సాయంత్రాలు ఒక కొత్త తరం పీఎల్‌సీ, పీఎల్‌సీ భాషల ప్రమాణమైన ఐఈసీ 61131-3లోని స్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష, ఈథర్నెట్ నెట్‌వర్కింగ్ నేర్చుకోమనండి.

ఒక జాగ్రత్త మాత్రం మరీమరీ చెప్పండి. నడుస్తున్న యంత్రానికి అనుమతి లేకుండా, అనుభవజ్ఞులు పక్కన లేకుండా ల్యాప్‌టాప్ కలపకూడదు. కంట్రోలర్ నుంచి చదవడానికి బదులు దానిలోకి రాసే ఆదేశం నొక్కితే, ఉన్న ఒక్క ప్రోగ్రామూ చెరిగిపోవచ్చు. బ్యాటరీ మార్చేముందు బ్యాకప్ తీయాలి. చాలా మోడళ్లలో కరెంటు ఉండగానే బ్యాటరీ మార్చాలి. ప్రోగ్రాంతోపాటు డేటా విలువలు, కేబుల్ వైరింగ్ వివరం, ఆ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ కూడా రెండు వేర్వేరు చోట్ల ఉండాలి.

ఈ వారం మీ అమ్మాయి తన పైఅధికారిని ఒక ప్రశ్న అడగాలి: ఇప్పటిదాకా తీసిన కాపీల్లో ఒక్కదాన్నైనా విడిగా ఉన్న కంట్రోలర్‌లోకి ఎక్కించి నడిపి చూశారా? లేదని జవాబు వస్తే, ఆ పని తనకే ఇవ్వమని కోరమనండి.