బ్రెగ్జిట్ ఓటు తర్వాత థెరిసా మే ఎన్నికలే లేకుండా ప్రధాని ఎలా అయ్యారు?

బ్రిటన్‌లోనూ మనలాగే, జనం ప్రధానిని నేరుగా ఎన్నుకోరు. కామన్స్‌లో (మన లోక్‌సభ లాంటి సభ) మెజారిటీ ఉన్న పార్టీకి ఎవరు నాయకులైతే వాళ్లే ప్రధాని. 2016 జూన్ 23న 51.9 శాతం మంది ఈయూ (యూరోపియన్ యూనియన్) నుంచి బయటికి వచ్చేద్దామన్నారు, ఉండిపోదామని ప్రచారం చేసిన అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ మర్నాడు పొద్దున్నే రాజీనామా చేస్తానని ప్రకటించారు.

అప్పుడు అధికారంలో ఉన్న కన్జర్వేటివ్ పార్టీ రూల్ ఏంటంటే, ఎంపీలు రౌండ్ల వారీగా ఓట్లేసి ఇద్దరిని మిగులుస్తారు, ఆ ఇద్దరిలో ఒకరిని పార్టీ సభ్యులు ఎన్నుకోవాలి. మొదట్లో, బయటికి వచ్చేద్దామని ప్రచారం చేసిన బోరిస్ జాన్సనే ఖాయం అనుకున్నారు. కానీ అప్పటిదాకా ఆయన పక్కనే ఉన్న మైకేల్ గోవ్, జూన్ 30 పొద్దున, నాయకత్వం ఈయన వల్ల కాదు, నేనే పోటీ చేస్తానని తేల్చేసరికి జాన్సన్ ఆ రోజే చేతులెత్తేశారు (వెన్నుపోటు గురించి తెలుగువాళ్లకి వేరే చెప్పాలా!).

జూలై 7న రెండో రౌండ్‌లో మేకి 199 ఓట్లు, ఆండ్రియా లెడ్సమ్‌కి 84, గోవ్‌కి 46. తీరా సభ్యుల దాకా వెళ్లనే లేదు: పిల్లలున్న తల్లిగా తనకి మే కంటే ఓ మెట్టు ఎక్కువన్నట్టు ధ్వనించిన ఇంటర్వ్యూ మీద గొడవై, లెడ్సమ్ 11న తప్పుకున్నారు. 13న మే ప్రధాని. తమాషా ఏంటంటే, ఆవిడ కూడా ఉండిపోదామన్న పక్షమే.