మంట పెట్టకముందే లెక్క మొదలుపెట్టు

తార్నాక, హైదరాబాద్

అమ్మా చిన్నీ,

చెట్లు నరికిన చోట, అదుపులో మంట పెట్టిన చోట మొక్కల జాతులు ఎలా మారతాయో చూస్తానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి మనసంతా అడవి చుట్టే తిరుగుతోంది. నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదనే ఈ ఉత్తరం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నల్లమలలో మన్ననూరు దాటాక కాలిన అడవిలో ఆగస్టులో ఒక్కసారి తిరిగి మొక్కలు లెక్కపెట్టాను. కాలని చోటుకంటే కాలిన చోటే ఎక్కువ జాతులు కనబడ్డాయి. మంట మేలు చేసిందని రిపోర్టు రాసిచ్చాను. తీరా చూస్తే పెరిగినవన్నీ వెలుతురు పడగానే లేచే గడ్డి, వయ్యారిభామ, లాంటానా అనే కలుపు పొద. అసలు అడవి చెట్టయిన ఏగిస మొలక ఒక్కటీ లేదు. ఎన్ని జాతులో రాశాను గానీ, ఏ జాతులో పట్టించుకోలేదు. అది ఇప్పటికీ బాధే.

అందుకని నరకకముందే, కాల్చకముందే ఒక లెక్క తీసుకో. నరికినది, కాల్చినది, రెండూ జరిగినది, ఏదీ జరగనిది, ఈ నాలుగు రకాల ప్లాట్లూ ఉండాలి. నరికాక కొమ్మా రెమ్మా నేలమీదే వదిలేస్తే అక్కడ మంట చాలా వేడిగా మండుతుంది, కాబట్టి రెండూ కలిసిన చోట ఫలితం వేరేగా ఉంటుంది. పాత కూపులు, అంటే గతంలో కలప కోసం నరికిన అడవి ముక్కలు, ఎంచుకుంటే ఇంకో చిక్కు. మంచి టేకు ఉన్న చోటే కదా నరికి ఉంటారు! ఆ నేల మొదటి నుంచీ వేరు. పక్కనున్న రాళ్ల గుట్టతో పోల్చవద్దు.

చెట్లకు పది మీటర్ల చదరం, గడ్డికీ చిన్న మొక్కలకూ ఒక మీటరు చదరం చాలు. నంబర్లకు అల్యూమినియం బిళ్లలు వాడు, ప్లాస్టిక్‌వి మంటలో కరిగిపోతాయి. మూలల్లో ఇనుప మేకులు దిగ్గొట్టు.

అన్నిటికంటే ముఖ్యం, ప్రతి చిన్న మొక్క మొదలూ వేలితో తవ్వి చూడు. అది విత్తనం నుంచి వచ్చిందా, పాత మొద్దు నుంచో వేరు నుంచో వేసిన చిగురా? తునికి కొట్టినా కాలినా వేరు నుంచి మళ్లీ లేస్తుంది. బీడీ ఆకు కోసం కొమ్మ కొట్టేదీ, కొందరు నిప్పు పెట్టేదీ లేత ఆకు కోసమే. పైకి పచ్చగా ఉంటుంది గానీ కొత్త చెట్టు పుట్టినట్టు కాదు. రెండు గడులు వేసి విడివిడిగా రాయి.

మంటంటే చెడ్డదేనని కూడా ముందే తీర్మానించుకోకు. కర్ణాటక బిళిగిరి కొండల్లో ఉండే సోలిగ గిరిజనులు ఏడాది మొదట్లోనే ఎండుటాకులు చిన్నగా కాల్చేవారు. 1974లో అది అభయారణ్యమయ్యాక ఆ అలవాటు ఆపించారు. అప్పటి నుంచే లాంటానా కమ్మేసిందని, ఉసిరి చెట్లకు వాటి రసం పీల్చి బతికే బదనిక పట్టిందని వాళ్లంటారు. ఫిబ్రవరి మంటకూ ఏప్రిల్ చివరి మంటకూ చాలా తేడా ఉంది. ఏ రోజున, ఏ గాలిలో కాలిందో, బెరడు మీద మసి ఎంత ఎత్తుకు ఎక్కిందో రాసుకో. చెంచు పెద్దలను కూర్చోబెట్టుకుని అడుగు, వాళ్ల మొక్కల పేర్లు వాళ్ల మాటల్లోనే రాసుకో.

ఒక్క వానాకాలంతో ముగించవద్దు. కనీసం మూడేళ్లు, ఏడాదికి రెండుసార్లు వెళ్లు.

ఈ ఆదివారం ఇంటికి రా, ప్లాట్ల మ్యాప్ పట్టుకుని. నా పాత నోట్‌బుక్కులు అటక మీంచి దింపి పెడతాను. ఆ తప్పు రిపోర్టు కూడా అందులోనే ఉంది.

నీ పెద్దనాన్న