తీసివేతలో ‘అప్పు’ అనే మాట ముందు మానేయండి

"మా బాబు రెండో తరగతి. కూడికలు బాగానే చేస్తాడు. తీసివేతల్లో పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాల్సి వస్తే మాత్రం అన్నీ తప్పులే. ఎలా నేర్పాలి?" అని అడిగారు.

ముందు ఆ ‘అప్పు’ అనే మాట మానేయండి. శ్రీకాకుళం జిల్లాలో, పలాస చుట్టుపక్కల ఊళ్లలో 17 ఏళ్లుగా చిన్న తరగతులకు లెక్కలు చెబుతున్నాను. తీసివేతలంటే పిల్లలకు భయం పట్టించింది సగం ఆ మాటేనని నా గట్టి నమ్మకం.

మూడో తరగతిలో ఒక పాప ఉండేది. వాళ్లమ్మ కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లేది. పాప చురుకైనదే, కానీ 52 లోంచి 27 తియ్యమంటే 35 అని రాసేది. ఆ 35 చూడగానే ఏ మాస్టారికైనా ఒకటే తడుతుంది: 2 లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7 లోంచి 2 తీసేసింది, తర్వాత 5 లోంచి 2 తీసింది. చాలామంది పిల్లలు చేసే తప్పే అది. నేనూ అలాగే అనుకున్నాను. ఇంటూ కొట్టి, "పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో" అని మళ్లీ చెప్పాను. పది రోజులు అదే చెప్పాను. పది రోజులూ అదే 35.

ఒకరోజు మధ్యాహ్న భోజనాలయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, "ఏం చేస్తున్నావో పైకి చెబుతూ చెయ్యమ్మా" అన్నాను. పలక మీద 5 కొట్టేసి 4 వేసింది. 2 ని 12 చేసింది. పన్నెండులోంచి ఏడు పోతే అయిదు. నాలుగులోంచి రెండు పోతే రెండు. 25 వచ్చింది. భేష్ అనబోతుంటే, ఆ 2 ని వేలితో చెరిపి 3 వేసింది.

"అదేంటమ్మా?"

"ఆ పదీ ఇచ్చీసినాను మాస్టారూ."

"ఎవరికి?"

"అప్పు తెచ్చినాం గదా. తీర్చకపోతే ఊరుకుంటారేటి?"

నాకు నోట మాట రాలేదు. వాళ్లింట్లో కిరాణా కొట్టు పద్దు పుస్తకం ఆ పాపే పట్టుకెళ్లేది. కూలి డబ్బులొచ్చిన రోజు బాకీ కట్టి వచ్చేదీ తనే. అప్పంటే ఏమిటో తరగతిలో అందరికన్నా తనకే బాగా తెలుసు. తప్పు నా మాటలో ఉంది, ఆ పిల్ల లెక్కలో లేదు. ఆ పది రోజులూ కొట్టిన ఇంటూలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అసలు ఆ తీసివేతలో ఎవరూ ఎవరికీ బాకీ పడరు. 52 అంటే అయిదు పదులు, రెండు ఒకట్లు. ఒక పదిని విడదీస్తే నాలుగు పదులు, పన్నెండు ఒకట్లు. మొత్తం అదే 52. జేబులో ఉన్న పది నోటుకి రూపాయి బిళ్లలు మార్చుకోవడం లాంటిదే. చిల్లర మార్చుకుంటే అప్పెలా అవుతుంది?

మీ బాబుకి చీపురు పుల్లలు తుంచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. వాడి చేతే కట్టించాలి, మీరు కట్టి ఇస్తే లాభం లేదు. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి ఇరవై ఏడు ఇమ్మనండి. చేతిలో విడివి రెండే ఉన్నాయి కాబట్టి కట్ట విప్పక తప్పదని వాడికే తెలుస్తుంది. ‘కట్ట విప్పు’, అంతే మాట. వారం పాటు కాగితం ముట్టనివ్వకండి. చింతపిక్కలు లెక్కపెట్టుకోవడానికి బాగుంటాయి గానీ కట్ట కట్టడానికి రావు. మా వైపు దొరుకుతాయి కదా అని పచ్చి జీడిపిక్కలు మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు. తొక్కలోని నూనె తగిలితే చర్మం కాలి పొక్కులు వస్తాయి.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ఇంట్లో అంకెలు తెలుగులోనే పలికించండి. పదకొండు, పదమూడు, పదహారు అని వింటే లోపల పది ఉన్నట్టు చెవికే తెలుస్తుంది. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని తొంభై తొమ్మిది దాకా తిన్నగా సాగిపోతుంది. హిందీ పిల్లలకు ఈ సుఖం లేదు, నూరు దాకా ఇంచుమించు ప్రతి పేరూ విడిగా బట్టీ పట్టాలి. ఇంత చక్కటి పేర్లు పెట్టుకుని మనం థర్టీన్, థర్టీ అని నేర్పి, పిల్లలు 13 కి 30 రాస్తే తిడుతున్నాం. 2020 నుంచి మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి. ఆ తెలుగు పేజీ చదివించే తల్లిదండ్రులు నాకు కనబడటం లేదు. చాలా బాధగా ఉంటుంది.

ఆ పాపకి కూడా పుల్లల కట్టలతోనే మళ్లీ మొదలుపెట్టాను. కొన్ని వారాలకు 402 లోంచి 158 తియ్యమని ఇచ్చాను. పదుల స్థానంలో సున్నా ఉంటే తరగతి మొత్తం అక్కడే ఆగిపోతుంది. తను కాసేపు పలక వంక చూసి, "పదుల కట్టల్లేవు మాస్టారూ, వందల కట్ట ఇప్పీమంటారా?" అంది. విప్పమన్నాను. 244 రాసింది. ఈసారి ఏదీ చెరపలేదు.