చెక్‌లిస్టులో పూర్తి మార్కులు, మనసులో మాత్రం ఆ పేషెంట్ మొహం

ప్రశ్న: నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. మెడికల్ వార్డులో పోస్టింగ్ నడుస్తోంది. పక్షవాతంతో కుడి చేయి, కాలు పడిపోయిన ఒక పెద్దాయనకు స్పాంజ్ బాత్ ఇస్తుంటే ఆయన మొహం అటు తిప్పుకుని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఏం చేయాలో తోచక పని పూర్తిచేసి వచ్చేశాను. ప్రొసీజర్ చెక్‌లిస్టులో పూర్తి మార్కులు వచ్చాయి. రోజూ చేసిన పని గురించి ఆలోచించి రాసే రిఫ్లెక్టివ్ డైరీలో మాత్రం 'ఈ రోజు స్పాంజ్ బాత్ ఇవ్వడం నేర్చుకున్నాను' అని రాసి మూసేశాను. అప్పట్నుంచి ఆయన మొహమే గుర్తొస్తోంది. నేను ఈ వృత్తికి పనికొస్తానా?

జవాబు: పనికొస్తారు. మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదిది. తెర లాగారా, నీళ్ల వేడి చూశారా, ముందు కళ్లు తుడిచి ఆ తర్వాతే మొహం తుడిచారా అని చెక్‌లిస్టు అడుగుతుంది. పేషెంట్ మొహంలో ఏం కనిపించిందని అడిగే గడి అందులో ఉండదు. అయినా మీరు చూశారు. నర్సు నిర్ణయాలు ఎలా తీసుకుంటుందో వివరిస్తూ నర్సింగ్ ప్రొఫెసర్ క్రిస్టీన్ టానర్ 2006లో ఒక నమూనా ఇచ్చారు. గమనించడం, దాని అర్థం పోల్చుకోవడం, తగినట్టు స్పందించడం, తర్వాత దాని గురించి ఆలోచించడం. మీరు మొదటిది చేశారు, రెండోదాని దగ్గర ఆగిపోయారు.

ఈ దశలో అలా ఆగిపోవడం తప్పేమీ కాదు. కొత్తగా వచ్చిన నర్సు నిపుణురాలయ్యే దారిని నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో ఐదు దశలుగా చెప్పారు. మొదటి దశలో ఉన్నవారికి నియమాలే ఆధారం. ఏది ముందు, ఏది తర్వాత అని చూసుకోవడానికే ధ్యాసంతా సరిపోతుంది. పని చేతికి అలవాటైన కొద్దీ మనసుకు ఖాళీ దొరుకుతుంది, అప్పుడు చేతులు పని చేస్తుండగానే పేషెంట్‌తో మాట కలపగలుగుతారు. పక్క బెడ్ దగ్గర సీనియర్ స్టాఫ్ నర్సు అవలీలగా చేస్తున్న పనితో ఇప్పుడే మిమ్మల్ని పోల్చుకోకండి.

డైరీలో ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. మీ మనసులో అంత మెదులుతున్న విషయం కాగితం మీదికి రాలేదు. చాలా కాలేజీల్లో విద్యా పరిశోధకుడు గ్రాహం గిబ్స్ 1988లో రూపొందించిన ఆరు మెట్ల పద్ధతిలో రాయమంటారు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగాలేదు, ఎందుకలా జరిగింది, ఇంకేం చేసి ఉండొచ్చు, మళ్లీ ఎదురైతే ఏం చేస్తాను. విద్యార్థులు సాధారణంగా 'ఏం జరిగింది' అనేదానికే పేజీ అంతా నింపేస్తారు. దానికి ఐదు పంక్తులు చాలు. బరువంతా 'ఎందుకు' మీద పెట్టండి, ఎందుకంటే నర్సింగ్ పరిజ్ఞానం అవసరపడేది అక్కడే.

మీ పేషెంట్ విషయంలోనే చూద్దాం. ఆయన ఎందుకు ఏడ్చి ఉంటారు? పరాయి మనిషి, అందులోనూ వయసులో చిన్నవాళ్లు ఒళ్లు తుడుస్తుంటే సిగ్గుతో చితికిపోయి ఉండవచ్చు. పడిపోయిన చేతిని ఎత్తినప్పుడు భుజం కలుక్కుమని ఉండవచ్చు. పక్షవాతం తర్వాత ఆ వైపు భుజం నొప్పి రావడం మామూలే, అందుకే ఆ చేతిని పట్టి లాగకూడదని నేర్పుతారు. కుడి పక్క పడిపోయినవారిలో మాట కూడా దెబ్బతినడం ఎక్కువ, నొప్పి అని చెప్పాలన్నా నోరు పెగలకపోవచ్చు. పక్షవాతం నుంచి బయటపడ్డవారిలో సుమారు మూడోవంతు మందిని డిప్రెషన్ పట్టుకుంటుంది. ఇంకొందరికి మెదడు దెబ్బతినడం వల్ల, లోపల అంత దుఃఖం లేకపోయినా ఆపుకోలేనంత ఏడుపు వస్తుంది.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, కారణాన్ని బట్టి మీరు చేయాల్సిన పని మారిపోతుంది. సిగ్గయితే, తుడుస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటితో కప్పి ఉంచాలి. తడి టవల్‌ని ఆయన ఎడమ చేతికిచ్చి మొహం, ఛాతీ ఆయన్నే తుడుచుకోమనాలి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. తన ఒంటి పని కొంతైనా తాను చేసుకోగలుగుతున్నానన్న నమ్మకం ఆయనకు మందుతో సమానం. నొప్పయితే, మాట రాకున్నా తల ఊపో, వేలితో చూపించో చెప్పగలిగేలా అడగాలి, స్టాఫ్ నర్సుకు చెప్పాలి. చొక్కా విప్పేటప్పుడు బాగున్న చేతివైపు ముందు, తొడిగేటప్పుడు పడిపోయిన చేతివైపు ముందు అని చదివిన నియమం అసలు దేనికో అప్పుడు అర్థమవుతుంది. డిప్రెషన్ అనిపిస్తే అది మీ ఒక్కరి వల్ల తేలేది కాదు. 'స్నానం చేయిస్తుంటే ఏడ్చారు, మొహం తిప్పుకున్నారు' అని మీరు చూసింది చూసినట్టు, షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల సంగతి అప్పగించే హ్యాండోవర్‌లో చెబితే డాక్టర్ దాకా వెళుతుంది. చెప్పకపోతే ఆ సమాచారం మీతోనే ఆగిపోతుంది. మీరు ఆ రోజు వదిలేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తున్నది ఇదే. అదృష్టవశాత్తూ దాన్ని ఇప్పటికీ సరిదిద్దవచ్చు. ఆయన వార్డులోనే ఉంటే తర్వాతి షిఫ్టులోనే చెప్పండి.

స్నానం చేయించే సమయమే చర్మాన్ని చూసే సమయం కూడా. నడుము కింద, మడమల దగ్గర ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే అది బెడ్‌సోర్‌కు (పడక పుండుకు) మొదటి దశ. ముదురు రంగు చర్మంలో ఆ ఎరుపు కనిపించకపోవచ్చు, తాకి వేడిని, గట్టిదనాన్ని కూడా చూడాలి. ఆ రోజు ఇవి చూశారా? చూసి ఉంటే డైరీలో రాయండి, చూడకపోతే అదీ రాయండి.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మిమ్మల్ని మీరు తిట్టుకోవడాన్ని ఆత్మపరిశీలన అనుకోవద్దు. 'నాకు మనసు లేదు, నేను చెడ్డ నర్సుని' అని రాస్తే దాని వల్ల తర్వాతి పేషెంట్‌కు ఒరిగేదేమీ లేదు. పేజీ చివర, వచ్చే షిఫ్టులో చేయగలిగిన పని ఒక్కటైనా ఉండాలి. 'మరింత శ్రద్ధగా ఉంటాను' అనేది పని కాదు. 'తుడవడం మొదలుపెట్టే ముందు ఆయన అనుమతి అడుగుతాను, ఏం చేయబోతున్నానో ముందే చెబుతాను' అనేది పని.

పేషెంట్ పేరు, బెడ్ నంబర్, గుర్తుపట్టగలిగే వివరాలు ఏవీ డైరీలోకి రానివ్వకండి. ఫొటో సంగతి చెప్పనే అక్కర్లేదు. తోటి విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కూడా ఆయన గురించి మాట్లాడవద్దు.

ఇక చదువు కొనసాగించాలా వద్దా అన్న సందేహం. పుస్తకంలో చదివిన సంరక్షణకూ, వార్డులో హడావుడిగా జరిగే పనికీ మధ్య తేడా చూసి కొత్త నర్సులు తల్లడిల్లడాన్ని నర్సింగ్ పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 1974లోనే 'రియాలిటీ షాక్' అన్నారు. అది మీ ఒక్కరి బలహీనత కాదు. ఒక పేషెంట్ గుర్తొచ్చి బాధపడటం చదువు మానేయడానికి కారణం కానే కాదు. డ్యూటీ అంటేనే గుండె దడదడలాడటం, నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం వారాల తరబడి సాగితే అది వేరే సంగతి. అప్పుడు డైరీతో సరిపెట్టుకోకుండా కాలేజీ కౌన్సిలర్‌ని గానీ, డాక్టర్‌ని గానీ కలవాలి.

స్పెషాలిటీ గురించి ఇప్పుడే ఏమీ తేల్చుకోకండి. సర్జికల్, పిల్లల వార్డు, ప్రసూతి, మానసిక వైద్యం, కమ్యూనిటీ పోస్టింగులు అయ్యాక ఈ డైరీ మొత్తం ఒకసారి తిరగేయండి. ఎలాంటి పేషెంట్ల గురించి మీరు ఎక్కువ రాశారో చూడండి. మాట, నడక కోల్పోయి నెమ్మదిగా తిరిగి తెచ్చుకునేవారి దగ్గర మీ మనసు ఆగుతుంటే రిహాబిలిటేషన్ నర్సింగ్, న్యూరో వార్డులు ఉన్నాయి. బతుకు చివరి దశలో ఉన్నవారి దగ్గర ఆగుతుంటే పాలియేటివ్ కేర్ ఉంది. తర్వాత ఉద్యోగ ఇంటర్వ్యూల్లో 'కష్టమనిపించిన ఒక పేషెంట్ గురించి చెప్పండి' అని అడిగినప్పుడు చాలామంది బట్టీ పట్టిన జవాబు చెబుతారు. మీ దగ్గర నిజంగా జరిగినది, దాని వెనకున్న కారణం, ఆ తర్వాత మీరు మార్చుకున్న పద్ధతి ఉంటాయి.

చివరగా, మీ ట్యూటర్ డైరీ మీద ఉత్త సంతకం పెట్టి ఇచ్చేసేవారైతే ఒక పది నిమిషాలు సమయం ఇమ్మని మీరే అడగండి. ఈ పేజీ ముందు పెట్టి, 'మేడమ్, మీరైతే ఆ సమయంలో ఏం చేసేవారు?' అని అడగండి. ఆవిడ చెప్పింది కూడా అదే పేజీలో కింద రాసుకోండి.