వానలో వెలిగిన గేరుబాక్సు దీపం: వాల్వ్ బాడీ మార్చే ముందు కనెక్టరు చూడండి

బెంగళూరులో వాన పడుతుండగా మారతహళ్లి వంతెన దాటగానే గేరు చక్రం గుర్తుతో హెచ్చరిక దీపం వెలిగిందని, బండి మూడో గేరులోనే ఉండిపోయిందని, పది నిమిషాలు ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడిచిందని మీరు రాశారు. సర్వీస్ సెంటర్ వారు వాల్వ్ బాడీ (గేర్లు మారేందుకు ఆయిలును దారి మళ్లించే లోపలి భాగం) మార్చాలని లక్షన్నర అంచనా ఇచ్చారని, ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు. ఇప్పుడే ఒప్పుకోవద్దని నా సలహా. రెండేళ్ల క్రితం నా కారుకు ఇదే జరిగింది. కారణం గేరుబాక్సు లోపల లేదు.

నాది ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, అంటే ఇంజిన్ శక్తి ఆయిలు ద్వారా గేరుబాక్సుకు అందే రకం. జూలైలో ఒక సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద కె.ఆర్.పురం నుంచి సిల్క్ బోర్డు వైపు వస్తూ, నీళ్లు నిలిచిన చోటు దాటిన కాసేపటికి ఒక్క కుదుపుతో మూడో గేరు పడి ఇక మారలేదు. దీనిని లింప్ మోడ్ అంటారు. ఏదైనా సెన్సరు నుంచి వచ్చే సంకేతం నమ్మదగినదిగా లేనప్పుడు, లోపలి క్లచ్‌లు కాలిపోకుండా గేరుబాక్సు కంప్యూటరు గేర్లు మార్చడం మానేసి, ఒకే గేరులో మనల్ని ఇల్లు చేర్చే ఏర్పాటు అది. కాబట్టి దీపం వెలిగినంత మాత్రాన లోపలి సామాను అరిగిపోయిందని అనుకోనవసరం లేదు.

నాకూ మొదట చూపించిన కాగితంలో పి0700 అన్న ఒక్క కోడే ఉంది, దాని కింద పెద్ద అంచనా ఉంది. ఆ కోడ్‌కు అర్థం గేరుబాక్సు కంప్యూటరులో ఏదో లోపం నమోదైందని మాత్రమే. అది ఇంజిన్ కంప్యూటరుకు అందిన కబురు. అసలు కోడ్ గేరుబాక్సు కంప్యూటరులో విడిగా ఉంటుంది. మనం కొనుక్కునే చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు అక్కడిదాకా వెళ్లలేవు. అందువల్ల మీరు ముందుగా అడగవలసినది పూర్తి స్కాన్ నివేదిక. అది చేతికి వచ్చేవరకు కోడ్‌లను చెరపనివ్వకండి, ఎందుకంటే లోపం పడిన క్షణంలో ఉన్న వేగం, ఉష్ణోగ్రత, వోల్టేజీ వంటి వివరాలు కూడా వాటితోపాటే పోతాయి.

చివరికి నేను మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ షెడ్డు పెట్టుకున్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన స్కానర్‌లో పి0715 వచ్చింది, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని గేరుబాక్సులోకి తెచ్చే ఇరుసు) వేగాన్ని కొలిచే సెన్సరు సర్క్యూట్ లోపం. "సెన్సరు పోయిందని కాదన్నా, సెన్సరు నుంచి కంప్యూటరు దాకా ఉన్న దారిలో ఎక్కడో తెగుతోందని అర్థం" అన్నారు. ఆ తేడా తెలియకపోవడం వల్లే ఎంతోమంది బాగున్న సామాను మార్పించుకుంటున్నారని నాకు ఆ రోజు అర్థమైంది.

ఆయన ముందు బ్యాటరీ చూశారు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు సుమారు 14 వోల్టులు ఉండాలి. బలహీనపడిన బ్యాటరీ కూడా ఈ దీపాన్ని వెలిగించగలదు. తరువాత మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొసను గేరుబాక్సు ఒంటికి ఆనించి నన్ను స్టార్ట్ చేయమన్నారు. అప్పుడు అర వోల్టు దాటితే ఎర్త్ వైరును అనుమానించాలట, నాది 0.2 లోపే ఉంది. ఇక మిగిలింది గేరుబాక్సు మీది కనెక్టరు, అంటే వైర్లన్నీ వచ్చి కలిసే ప్లగ్గు. లాక్ విప్పి లాగగానే ఆయన బొటనవేలి మీద ఒక మట్టినీటి చుక్క పడింది. పిన్నులన్నీ మెరుస్తున్నాయి, ఒక్కదానికి మాత్రం పచ్చటి కిలుము పట్టి ఉంది, రబ్బరు సీలు ఒక మూల చిట్లి ఉంది. ఆ పిన్ను, సీలు కొత్తవి వేసి, మిగతావి కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, ఇంజిన్ నడుస్తుండగా వైరును అటూ ఇటూ కదిపి స్కానర్‌లో వేగం అంకె పడిపోవడం లేదని నిర్ధారించుకున్నారు. మొత్తం ఖర్చు మూడు వేలు దాటలేదు. తరువాత రెండు వానాకాలాలు గడిచినా దీపం మళ్లీ వెలగలేదు.

మీదీ వైరు లోపమేనని నేను హామీ ఇవ్వలేను. గేరు లివరును డీలో (ముందుకు నడిపే స్థానంలో) పెట్టిన రెండు మూడు క్షణాలకు గాని బండి కదలకపోయినా, ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు ఎగిరినా బండి వేగం పెరగకపోయినా, ఆయిలు నల్లబడి కాలిన వాసన వస్తున్నా లోపం నిజంగా లోపలే ఉండవచ్చు. మీది డ్రై క్లచ్ (ఆయిలులో మునిగి ఉండని క్లచ్) ఉన్న డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ అయితే ఇంకో సంగతి కూడా ఉంది: సిల్క్ బోర్డు వంటి చోట్ల అంగుళం అంగుళం కదుపుతూ పోతే క్లచ్ వేడెక్కి హెచ్చరిక వస్తుంది, చల్లారితే పోతుంది. కానీ వానకు వచ్చి, ఆరాక పోయే లోపాన్ని మొదట నీటి తోవలోనే వెతకాలి.

ఈలోగా బండి ఎక్కడైనా ఆగిపోతే తాడు కట్టి లాగించకండి. ఇంజిన్ ఆగితే ఆయిలు పంపు కూడా ఆగుతుంది, చక్రాలు తిరిగితే లోపలి భాగాలు నూనె లేకుండా రాసుకుంటాయి. కారును పైకి ఎక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ బండినే పిలవండి. కారు మోడల్, గేరుబాక్సు రకం, గేరుబాక్సు కంప్యూటరులో నమోదైన కోడ్‌లన్నీ ఇక్కడ రాస్తే, ఏ కనెక్టరు విప్పి చూడాలో చెప్పడానికి నాకు వీలవుతుంది.