గ్యాస్ నిండుగా ఉంది, హీటర్ ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న: నమస్తే అండి. మేం ఫీనిక్స్‌లో ఉంటాం. పోయిన డిసెంబర్‌లో సెకండ్ హ్యాండ్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించుకుని వెళ్ళే, మంచాలూ వంటగదీ ఉండే బండి) కొనుక్కుని పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారితో గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ వెళ్ళి మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. తెల్లారుజామున నాలుగింటికి మెలకువ వచ్చి చూస్తే హీటర్ ఫ్యాన్ తిరుగుతోంది గానీ చల్లగాలి కొడుతోంది. సిలిండర్ నిండుగానే ఉంది, బ్యాటరీ కొత్తదే. లోపం ఎక్కడుంది? లిథియం బ్యాటరీ వేయిస్తే సరిపోతుందా?

జవాబు: అయ్యో, పెద్దావిడకి ఎంత ఇబ్బందైందో పాపం. హీటర్ బాగానే ఉండి ఉంటుందండీ, చాలావరకు ఇది బ్యాటరీ పనే. మండేది గ్యాసే అయినా ఫ్యాన్‌ని తిప్పేది 12 వోల్టుల బ్యాటరీ కదా, లోపల గాలి తోస్తే కదిలే చిన్న రేకు స్విచ్ ఒకటుంటుంది, ఫ్యాన్ గట్టిగా తిరిగితేనే ఆ రేకు కదిలి గ్యాస్ అంటుకుంటుంది. వోల్టేజ్ పడిపోతే ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది, రేకు కదలదు, మీకు చల్లగాలే వస్తుంది. అది సేఫ్టీ కోసం పెట్టింది, బైపాస్ చేయమని ఎవరు చెప్పినా వినకండి.

లెక్క చూడండి. ఒక్క మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అంటే సుమారు 80 ఆంపియర్ అవర్లు, అంటే గంటకి ఒక ఆంప్ చొప్పున 80 గంటలు, సగానికి మించి వాడితే పాడవుతుంది కాబట్టి 40, 32 ఫారన్‌హీట్ అంటే నీళ్ళు గడ్డకట్టే చలికి అందులో ఐదో వంతు పోతే మిగిలేది 32 ఆంపియర్ అవర్లే. ఫ్యాన్ 7 ఆంప్స్ లాగితే, రాత్రి 10 గంటల్లో సగంసేపు తిరిగినా 35 అయిపోతాయి, లైట్లు, వాటర్ పంపు వేరే. ట్రక్కు నడుస్తుంటే దారిలో నిండిపోతుందిలే అనుకుంటారు అందరూ, కానీ ట్రక్కు నుంచి ట్రైలర్‌కి ఉండే సన్న వైరులో వచ్చే చార్జింగ్ చాలా తక్కువ. ఇంటి దగ్గరే ముందురోజు రాత్రంతా ప్లగ్ పెట్టి, కాసేపు ఆపాక మల్టీమీటర్‌తో బ్యాటరీ వోల్టేజ్ చూడండి, 12.6 దాటితే నిండినట్టు, 12 దగ్గరుంటే సగమే.

లిథియం మంచిదేనండీ, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. కాకపోతే 32 ఫారన్‌హీట్ కంటే చల్లబడ్డాక చార్జ్ చేస్తే లోపల పాడవుతుంది, అందుకే మంచి బ్యాటరీలైతే అసలు చార్జింగే తీసుకోవు. దాన్ని ట్రైలర్ లోపల మంచం కింద పెట్టించుకోండి, చార్జర్ కూడా లిథియంకి సరిపోయేదే ఉండాలి. మామూలు నీళ్ళ బ్యాటరీని మాత్రం లోపల పెట్టొద్దు, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది.

రాత్రి థర్మోస్టాట్ 58 ఫారన్‌హీట్‌కి దించి మందంగా దుప్పట్లు కప్పుకోండి. మాథర్‌లో జనరేటర్‌కి టైమింగ్స్ ఉన్నాయి, సాయంత్రం అనుమతి ఉన్నంతసేపూ నడిపి చార్జ్ చేసుకుని పడుకోండి. ఎంత చలేసినా వెచ్చదనం కోసం స్టవ్ మాత్రం వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

అత్తయ్యగారు మళ్ళీ వస్తానంటే ఈసారి సౌత్ రిమ్‌లోనే ఉన్న ట్రైలర్ విలేజ్ అనే క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేయండి, అక్కడ కరెంట్ ప్లగ్ ఉంటుంది, ఈ బ్యాటరీ లెక్కలేవీ అక్కర్లేదు.